టెక్సాస్ హిల్ కంట్రీ పార్కులు: ఏ నెలలో, ఎవరితో, ఏ పార్కుకు

ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాలకు పడమటి వైపు పరుచుకున్న సున్నపురాతి కొండల ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్న రోజుల్లో, చాలా సార్లు కారు తిప్పేది ఈ వైపుకే. అయితే ఈ రాష్ట్రంలో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు యజమానుల చేతుల్లో ఉంది. దారి పక్కన కొండ నచ్చిందని ఎక్కడానికి గానీ, ఏరు కనిపించిందని దిగడానికి గానీ వీలుండదు. కంచె అడ్డం వస్తుంది. అందువల్ల సామాన్యులకు చాలావరకు, రాష్ట్రం నడిపే ఎనభైకి పైగా ఉన్న స్టేట్ పార్కుల్లోనే సర్దుకోవలసి వస్తోంది. 2023 నవంబరులో టెక్సాస్ ఓటర్లు కొత్త పార్కుల భూమి కోసం 100 కోట్ల డాలర్ల నిధిని ఆమోదించారు కానీ, ఆ డబ్బుతో కొన్న భూములన్నీ గేట్లు తెరిచేదాకా మన ఎంపిక ఇప్పుడు ఉన్నవాటి మధ్యనే.

ఈ ఎంపికను చాలామంది ఫొటోలు చూసి చేస్తారు. నవంబరు మొదటి వారంలో తీసిన ఎర్రటి మేపుల్ ఆకుల ఫొటో చూసి జూన్‌లో బయలుదేరితే అక్కడ కనిపించేది మామూలు పచ్చటి చెట్టే. వసంతంలో వానల తర్వాత నిండుగా దూకుతున్న జలపాతాన్ని చూసి కరువు సంవత్సరం ఆగస్టులో వెళ్తే పొడి బండల మధ్య సన్నటి ధార ఎదురవుతుంది. కాబట్టి పార్కు పేరు కన్నా ముందు తేల్చుకోవలసినవి మూడు ఉన్నాయి: మీ బృందంలో అందరికన్నా తక్కువ నడవగలిగిన మనిషి ఎంత నడవగలరు, మీరు వెళ్తున్నది ఏ నెల, నీళ్లలో దిగడం తప్పనిసరా కాదా. ఈ మూడింటికీ జవాబు ఉంటే మిగతా పోలిక సులువవుతుంది.

మరొక సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నడిపే ఈ స్థలాల్లో కొన్ని స్టేట్ పార్కులు, కొన్ని స్టేట్ నేచురల్ ఏరియాలు. ప్రవేశ రుసుము, పాస్, బుకింగ్ పద్ధతి రెండింటికీ ఒకటే కనుక తేడా లేదనిపిస్తుంది. నిజానికి స్టేట్ పార్కులో మనుషుల విహారానికి పెద్ద పీట. నేచురల్ ఏరియాలో మొదటి హక్కు అక్కడి రాతికి, మొక్కకు, పక్షికి, ఆ తర్వాతే మనకు. ఎన్‌చాంటెడ్ రాక్, లాస్ట్ మేపుల్స్, గవర్నమెంట్ కాన్యన్, హనీ క్రీక్ ఈ రెండో కోవకు చెందినవి. పిల్లలు పరుగెత్తాలి, కుక్కను వెంట తీసుకెళ్లాలి, ఒడ్డున చాప పరుచుకొని సాయంత్రం దాకా కూర్చోవాలి అనుకునేవారు మొదటి కోవను చూసుకోవడం మంచిది.

రాయి కోసం: ఎన్‌చాంటెడ్ రాక్

ఫ్రెడరిక్స్‌బర్గ్ పట్టణానికి ఉత్తరంగా సుమారు 18 మైళ్ల దూరంలో, చుట్టూ ఉన్న నేల మీద 425 అడుగుల ఎత్తున లేచిన గులాబీ రంగు గ్రానైట్ గుట్ట ఇది. సముద్రమట్టం నుంచి దీని శిఖరం 1,825 అడుగులు. హిల్ కంట్రీలో ఎక్కువ భాగం సున్నపురాయి కాగా ఇక్కడ గ్రానైట్ పైకి రావడానికి కారణం లానో అప్‌లిఫ్ట్ అనే భూగర్భ ఉబ్బు. సుమారు వంద కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల గడ్డకట్టిన శిలాద్రవం పైనున్న పొరలన్నీ కాలక్రమంలో కొట్టుకుపోగా బయటపడింది. మీద బరువు తగ్గేసరికి రాయి వ్యాకోచించి, ఉల్లిపాయ పొరల్లాగా పలకలు పలకలుగా ఊడుతూ గుండ్రటి రూపం తెచ్చుకుంది. భువనగిరి గుట్టను ఎక్కినవారికి, హైదరాబాదు చుట్టుపక్కల బండల మధ్య పెరిగినవారికి ఈ రాయి ఎంతమాత్రం కొత్తగా అనిపించదు. మన దక్కన్ గ్రానైట్ దీనికన్నా వయసులో చాలా పెద్దదని వెంట వచ్చిన పెద్దవాళ్లకు చెబితే సంతోషిస్తారు కూడా.

శిఖరానికి వెళ్లే దారి ఒక వైపు ఒక మైలు కన్నా తక్కువే. ఆ అంకె చూసి మోసపోకూడదు. మొదటి కొంత దూరం తప్ప మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు, చెట్టు నీడ ఏవీ లేని వాలు బండ అది. నలభై దాటినవారు తరచూ ఆగుతూ ఎక్కుతారు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. వాన పడితే బండ జారుతుంది. మే నెల చివరి నుంచి సెప్టెంబరు దాకా పదకొండు గంటలు దాటితే రాయి పైనుంచీ కిందనుంచీ కాలుస్తుంది కనుక ఆ నెలల్లో తెల్లవారగానే ఎక్కి దిగిపోవడం ఒక్కటే తెలివైన పని. చీరలో ఎక్కినవారు లేకపోలేదు గానీ, చెప్పులతో ఎవరూ ఎక్కవద్దని గట్టిగా చెప్పాలి. అడుగు పట్టుండే బూట్లు తప్పనిసరి. ఎక్కలేని పెద్దలు కింద శాండీ క్రీక్ దగ్గరి చెట్ల నీడలో, పిక్నిక్ బల్లల దగ్గర కూర్చోవచ్చు. అయితే వారికి అక్కడ రెండు గంటలు కాలక్షేపం కావడానికి వేరే ఏమీ ఉండదన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఇది నేచురల్ ఏరియా ఎందుకైందో శిఖరం మీదికి వెళ్తే అర్థమవుతుంది. రాతి మీద అక్కడక్కడ లోతు లేని గుంటలు ఉంటాయి. వాన పడినప్పుడు వాటిలో నీరు నిలిచి, ఎండలకు పూర్తిగా ఇగిరిపోతుంది. ఫెయిరీ ష్రింప్ అనే అతి చిన్న రొయ్య జాతి గుడ్లు ఆ ఎండిన మట్టిలో నెలల తరబడి ఓపిక పట్టి, మళ్లీ వాన రాగానే పొదుగుతాయి. గుంటలో కొద్దిపాటి మట్టి చేరి, గడ్డి మొలిచి, చివరికి పొద పెరగడానికి ఎన్నో తరాలు పడుతుంది. పిల్లలు ఆ నీటిలో కాళ్లు ఆడిస్తే, కుక్క దిగితే ఆ పని అంతా చెడిపోతుంది. అందుకే శిఖరం దారిలో పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు. గుట్ట చుట్టూ తిరిగే 4.6 మైళ్ల లూప్ దారిలో మాత్రం వాటిని పట్టీతో తీసుకెళ్లవచ్చు. నిజం చెప్పాలంటే, శిఖరం మీద ఫొటో దిగి వచ్చేసేవారి కన్నా ఆ లూప్ దారిలో నడిచేవారికే ఈ చోటు ఎక్కువ దక్కుతుంది, కానీ ఆ నడకకు సగం రోజు కావాలి.

ఇక్కడ రాత్రి ఉండాలనుకునేవారు డేరాను, సామానును కారు దగ్గర నుంచి మోసుకొని నడవాలి. పడక, వంటగది ఉన్న ఆర్‌వీ వాహనాలకు గానీ, కారు పక్కనే డేరా వేయడానికి గానీ అవకాశం లేదు. దానికి తగిన ప్రతిఫలం ఆకాశం. రాత్రి ఆకాశాన్ని దీపాల వెలుగు చెడగొట్టని చోట్లకు ఇచ్చే అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు గుర్తింపు 2014లో ఈ ప్రాంతానికి వచ్చింది. అమావాస్య దగ్గరి రోజుల్లో పాలపుంత కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

నీళ్ల కోసం: మూడు నదులు, మూడు రకాల జాగ్రత్తలు

జాన్సన్ సిటీకి దగ్గరలో ఉన్న పెడర్నాలిస్ ఫాల్స్ స్టేట్ పార్కు 5,212 ఎకరాలు. ఆస్టిన్ నుంచి గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం కనుక ఒక రోజు విహారానికి దీన్నే ముందు చూస్తారు. జలపాతం అన్నాం కదా అని కుంతాలలాగా నిట్టనిలువుగా పడే ధారను ఊహించుకోకూడదు. ఏటవాలుగా పేర్చినట్టుండే సున్నపురాతి పలకల మీదుగా నది సుమారు 3,000 అడుగుల దూరంలో 50 అడుగుల మేర మాత్రమే దిగుతుంది. కారు ఆపిన చోటి నుంచి పైనున్న చూపు చోటుకు నడక కొద్దిపాటిదే. పెద్దవాళ్లు అక్కడి నుంచే నదిని తనివితీరా చూడవచ్చు. కిందికి, బండల దగ్గరికి వెళ్లేవారు మాత్రం ఎగుడుదిగుడు మెట్లు దిగాలి. పక్షులకు కనపడకుండా కూర్చొని వాటిని చూడడానికి నీడలో కట్టిన చాటు గదులు కూడా ఈ పార్కులో ఉన్నాయి, అవి నడవలేనివారికి చాలా అనుకూలం. జలపాతం కన్నా అక్కడే ఎక్కువసేపు కూర్చున్న పెద్దవాళ్లున్నారు.

జలపాతం ఉన్న భాగంలో నీటిలో దిగడం నిషిద్ధం. ఈతకు వేరే చోటు నది దిగువన ఉంది, అక్కడికీ మెట్ల దారే. ఈ నిషేధాన్ని అతి జాగ్రత్త అనుకునేవారు హిల్ కంట్రీ నేలను అర్థం చేసుకోవాలి. సున్నపురాతి మీద మట్టి పలుచన కావడం వల్ల పడిన వాన ఇంకకుండా నేరుగా ఏటిలోకి పోతుంది. ఎగువన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ ఎండగా ఉన్నప్పుడే నది కొన్ని నిమిషాల్లో అడుగుల కొద్దీ పెరుగుతుంది. నీళ్లు మట్టి రంగుకు తిరిగినా, కొమ్మలు ఆకులు కొట్టుకొస్తున్నా, హెచ్చరిక సైరన్ మోగినా సామాను వదిలేసి గట్టు ఎక్కాలి. 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నదికి వచ్చిన వరదలో కెర్ కౌంటీలో వందమందికి పైగా చనిపోయారు. ఈ ప్రాంతాన్ని ఆకస్మిక వరదల బాట అని ఎప్పటి నుంచో అంటున్నారు. మే, జూన్ నెలల్లోనూ, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ పెద్ద వానలు పడే అవకాశం ఎక్కువ. వాన సూచన ఉన్న రోజున ఏ నది పార్కుకైనా వెళ్లడం మానుకోవడమే నా సలహా, బుకింగ్ డబ్బులు పోయినా సరే.

అదే గ్వాడలూప్ నది మీద, శాన్ ఆంటోనియోకు ఉత్తరంగా సుమారు 30 మైళ్లలో గ్వాడలూప్ రివర్ స్టేట్ పార్కు ఉంది. నాలుగు మైళ్ల నదీతీరం, ఒడ్డున బాగా ఎదిగిన సైప్రస్ చెట్ల నీడ, చిన్నపిల్లలకు మోకాటి లోతులో ఆడుకోవడానికి వీలైన గులకరాళ్ల మేట ఉన్న ఈ చోటు ఎనిమిది, పదేళ్ల పిల్లలున్న కుటుంబానికి నేను మొదట సూచించేది. లైఫ్‌గార్డులు లేరు, పిల్లలకు లైఫ్ జాకెట్లు మీరే తెచ్చుకోవాలి. దీన్ని ఆనుకొని హనీ క్రీక్ స్టేట్ నేచురల్ ఏరియా ఉంది. రెండింటి మధ్య ఒక గేటే అడ్డం, పద్ధతులు మాత్రం పూర్తిగా వేరు. హనీ క్రీక్‌లోకి మన ఇష్టం వచ్చినట్టు వెళ్లడానికి వీలులేదు. గైడు వెంట ఉండి నడిపించే నడకల్లో మాత్రమే ప్రవేశం. టెక్సాస్‌లో తెలిసిన గుహలన్నింటిలోకి పొడవైన గుహ నుంచి వచ్చే ఊటనీరు ఆ వాగులో పారుతుంది. అందులో బతికే జీవులు మన కాళ్ల కింద పడకుండా చూడడానికే ఈ కట్టడి. వృక్షాలు, పక్షుల మీద ఆసక్తి ఉన్న పెద్దలు ఉదయం హనీ క్రీక్ నడకకు వెళ్లి, పిల్లలు ఆ పూట నది దగ్గర గడిపేలా ఏర్పాటు చేసుకుంటే ఒకే ప్రయాణంలో రెండూ అవుతాయి.

మూడోది ఫ్రియో నది మీద ఉన్న గార్నర్ స్టేట్ పార్కు. 1941లో తెరిచిన ఈ పార్కు భవనాలను మహామాంద్యం కాలంలో నిరుద్యోగ యువకులకు పని కల్పించిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ దళం రాతితో కట్టింది. వేసవి రాత్రుల్లో ఆ పాత మంటపంలో జూక్‌బాక్స్ పాటలకు నాట్యం చేయడం 1940ల నుంచీ కొనసాగుతున్న ఆనవాయితీ. గాలి నింపిన ట్యూబుల మీద నదిలో తేలడం, సందడి, వందల డేరాలు: జాతర వాతావరణం నచ్చేవారికి ఇంతకన్నా మంచి చోటు లేదు, నిశ్శబ్దం కోసం వెళ్లేవారికి వేసవిలో ఇంతకన్నా తప్పు చోటు లేదు. ఆస్టిన్ నుంచి మూడు గంటలు పడుతుంది కనుక ఒక రోజులో వెళ్లి రావడం అలసటే మిగులుస్తుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి రెండు రాత్రులు ఉండేట్టయితే మాత్రం వెళ్లాలి. మద్యం గురించి ఒక మాట: టెక్సాస్ స్టేట్ పార్కుల్లో బహిరంగంగా తాగడం, సీసాలు బయట పెట్టడం నిషిద్ధం, నది పార్కుల్లో ఈ విషయంలో జరిమానాలు వేస్తారు.

ఆకుల కోసం, పక్షుల కోసం

వాండర్‌పూల్ దగ్గరి లాస్ట్ మేపుల్స్ స్టేట్ నేచురల్ ఏరియాకు వెళ్లదగిన సమయం అందరి దృష్టిలో అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకే. చలి ప్రాంతాల చెట్టయిన మేపుల్ టెక్సాస్ ఎండల్లో ఎలా మిగిలిందంటే, హిమయుగంలో ఇక్కడంతా చల్లగా ఉన్నప్పుడు వ్యాపించిన చెట్లు వాతావరణం వేడెక్కాక తగ్గిపోగా, సబినాల్ నది ఎగువన ఎత్తైన లోయ గోడలు ఎండను, గాలిని అడ్డుకున్న ఈ కాస్త చోట నిలదొక్కుకున్నాయి. వాటి వేళ్లు నేల పైపైనే ఉంటాయి. దారి వదిలి చెట్టు మొదలు దాకా వెళ్లి ఫొటో దిగితే వేళ్ల మీది మట్టి గట్టిపడి చెట్టుకు హాని జరుగుతుంది కనుక దారి దాటవద్దన్న బోర్డులను గౌరవించాలి.

ఆకుల రంగు ఏటా ఒకేలా రాదు. వేసవి వాన, శరత్కాలపు చలి ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి కొన్ని సంవత్సరాలు ఎర్రగా మండుతుంది, కొన్ని సంవత్సరాలు గోధుమ రంగుకు తిరిగి రాలిపోతుంది. ఆ కాలంలో పార్కు వారు ఆకుల స్థితి గురించి నివేదికలు ఇస్తారు. వాటిని చూశాకే బయలుదేరాలి. కార్లు నిలిపే చోటు చిన్నది, వారాంతాల్లో పొద్దున్నే నిండిపోతుంది. సెలవు పెట్టుకొని మంగళవారమో బుధవారమో వెళ్లగలిగినవారికే ఈ లోయ సరిగా దక్కుతుంది. పెద్దవాళ్లు మొదటి మైలు దాకా వాగు వెంట సమతలంగా నడవవచ్చు, తర్వాత దారి కొండ ఎక్కుతుంది. రంగుల కోసం అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లివచ్చినవారికి మాత్రం ఇది చిన్నదిగా అనిపిస్తుంది, ఆ పోలికతో వెళ్లకపోవడమే నయం.

నా దృష్టిలో లాస్ట్ మేపుల్స్‌కు మరో మంచి కాలం ఏప్రిల్. అప్పుడు జనం తక్కువ, పక్షులు ఎక్కువ. గోల్డెన్ చీక్డ్ వార్‌బ్లర్ అనే చిన్న పసుపు చెంపల పక్షి ప్రపంచం మొత్తం మీద గూడు కట్టేది మధ్య టెక్సాస్‌లో మాత్రమే. మార్చిలో మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చి, ముదిరిన యాష్ జునిపర్ చెట్ల బెరడు పోగులను సాలెగూటి దారంతో అల్లి గూడు కడుతుంది. ఊళ్లు పెరుగుతూ ఆ ముదురు చెట్లు పోవడంతో 1990లో దీన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. శాన్ ఆంటోనియో అంచున 12,000 ఎకరాలకు పైగా ఉన్న గవర్నమెంట్ కాన్యన్‌లో కొన్ని దారులను మార్చి నుంచి ఆగస్టు దాకా మూసివేసేది ఈ పక్షి కోసమే. నగర తాగునీటికి ఆధారమైన ఎడ్వర్డ్స్ భూగర్భ జలాశయంలోకి వాననీరు ఇంకే నేల కూడా అదే కావడంతో, తడిగా ఉన్నప్పుడు లోపలి దారులు మూస్తారు. డైనోసార్ల అడుగుజాడలు చూడాలని వెళ్లేవారు రానూపోనూ ఐదు మైళ్లకు పైగా నడవాలని, పార్కు శుక్రవారం నుంచి సోమవారం వరకే తెరిచి ఉంటుందని గుర్తుంచుకోవాలి. శాన్ ఆంటోనియో వారికి చలికాలపు ఉదయం నడకకు ఇది చాలు. దూరం నుంచి దీని కోసమే రానక్కరలేదు.

బుకింగ్, ఖర్చు, మూసివేత రోజులు

పైన చెప్పిన పార్కుల్లో పెద్దవారికి రోజు ప్రవేశం మనిషికి దాదాపు 6 నుంచి 8 డాలర్లు, 12 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు ఉచితం. 70 డాలర్ల వార్షిక పాస్ ఉంటే ఒకే కారులో వచ్చినవారందరికీ రోజు ప్రవేశ రుసుము ఉండదు కనుక, అమ్మానాన్నలతో నలుగురు పెద్దలున్న కుటుంబానికి మూడో ప్రయాణానికే దాని ఖర్చు తిరిగి వస్తుంది. అయితే పాస్ ఉన్నంత మాత్రాన లోపలికి చోటు దొరుకుతుందన్న హామీ లేదు. రోజు పాస్‌లు నెల ముందు నుంచి, డేరా స్థలాలు, క్యాబిన్లు ఐదు నెలల ముందు నుంచి రిజర్వు చేసుకోవచ్చు. ఎన్‌చాంటెడ్ రాక్‌కు మార్చిలో బడులకిచ్చే స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో, నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ మరుసటి రోజున రిజర్వేషన్ లేకుండా వెళ్తే గేటు దగ్గర నుంచి వెనక్కి తిరగవలసి రావడం దాదాపు ఖాయం. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఫ్రెడరిక్స్‌బర్గ్ దారులు బ్లూబానెట్ పూల కోసం వచ్చే కార్లతో నిండిపోతాయి కనుక ప్రయాణానికి మామూలు కన్నా గంట ఎక్కువ కలుపుకోవాలి.

సంక్రాంతి సెలవులకు వెళ్లాలనుకునేవారు మరొకటి చూసుకోవాలి. చలికాలంలో, ఎక్కువగా వారం మధ్య రోజుల్లో, జింకల వేట కోసం చాలా పార్కులను పూర్తిగానో కొంత భాగమో మూసివేస్తారు. రక్షిత ప్రాంతంలో వేటేమిటని మనవాళ్లు ఆశ్చర్యపడతారు. తోడేళ్లు కనుమరుగై, కొండ సింహాలు తగ్గిపోయిన ఈ నేలలో తెల్లతోక జింకలు లెక్కకు మించి పెరిగి, మొలకెత్తిన ప్రతి లేత చెట్టునూ తినేస్తున్నాయి. వాటి సంఖ్య అదుపులో లేకపోతే అడవికి తర్వాతి తరం ఉండదు. ఆ తేదీలు పార్కు పేజీలో ముందే ఉంటాయి.

పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లడంలో ఇబ్బంది లేదు, కాకపోతే మిగిలినది జంతువులకు పెట్టకూడదు, ఆకులు విస్తర్లు అక్కడ వదలకూడదు. కట్టెలు ఏరి పొయ్యి పెట్టడం అనుమతించరు. కరువు రోజుల్లో బొగ్గుల మంటకు కూడా నిషేధం ఉండవచ్చు కనుక వంట ముగించుకొని వెళ్లడమే మేలు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు కారులోనే కాదు, నడకలో చేతిలో ఉండాలి.

డాలస్, ఫ్రిస్కో వైపు వారు ఎన్‌చాంటెడ్ రాక్‌ను ఒక రోజులో చూసి రావాలనుకోవడం నాకు సబబుగా తోచదు. రానూపోనూ ఎనిమిది గంటలకు పైగా కారులోనే గడుస్తుంది. వారికి గ్లెన్ రోజ్‌లోని డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కు దగ్గర. అక్కడ పలక్సీ నది అడుగున ఉన్న డైనోసార్ పాదముద్రలు నీరు తగ్గిన వేసవి చివరలోనే బాగా కనిపిస్తాయి, 2022 కరువులో అంతకుముందు మట్టి కింద దాగిన ముద్రలు కూడా బయటపడ్డాయి. అంటే మిగతా నది పార్కులు నీరసించే ఆగస్టే దీనికి అనువైన నెల. హ్యూస్టన్ వారికి కొండ ప్రాంతం కన్నా బ్రేజోస్ బెండ్ స్టేట్ పార్కు నయం. చెరువుల చుట్టూ సమతలమైన దారులు ఉండడంతో డెబ్బై ఏళ్లవారు కూడా నడుస్తారు, మొసళ్ల జాతికి చెందిన ఆలిగేటర్లు ఒడ్డున ఎండ కాచుకుంటూ కనిపిస్తాయి. వాటికి 30 అడుగుల దూరం పాటించాలి, చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు, కుక్క ఉంటే నీటి అంచుకు రానివ్వకూడదు.